ఐదు గంటలకు ఇంకొన్ని నిమిషాలే: ఐస్ హాకీలో కుర్ర స్టార్ల కాంట్రాక్టు బేరాలు

2018 డిసెంబర్ 1, శనివారం. ఐస్ హాకీ జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ అభిమానులు ఆ రోజు గడియారం చూస్తూ కూర్చున్నారు. సాయంత్రం ఐదు లోపు ఆ జట్టు ఫార్వర్డ్ విలియం నైలాండర్ కాంట్రాక్టు కాగితాలు లీగ్ ఆఫీసుకు చేరాలి. చేరకపోతే ఆ సీజన్ అంతా అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) అడుగు పెట్టడానికి వీల్లేదు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. అంతకు ముందు వరుసగా రెండు సీజన్లు 61 పాయింట్ల చొప్పున తెచ్చాడు (గోల్ కొట్టినా, గోల్‌కు పాస్ అందించినా ఒక పాయింటు). సీజన్ మొదలై రెండు నెలలు కావస్తున్నా జట్టుతో లేడు. చివరికి గడువు ఇంకొన్ని నిమిషాల్లో ముగుస్తుందనగా బేరం తెగింది. ఆరేళ్లు, దాదాపు 4.5 కోట్ల డాలర్లు.

మన దగ్గర హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఆడిన మైదానం హాకీయే. కానీ టొరంటో, డాలస్, న్యూజెర్సీల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు హాకీ అంటే మంచు మీద ఆడేదే. ఈ మూడు చోట్లా ఎన్‌హెచ్‌ఎల్ జట్లున్నాయి. స్కూల్లో ఆ కబుర్లు విని వచ్చిన పిల్లలు ఇంట్లో వేసే ప్రశ్న ఒకటుంటుంది: ‘అతను కావాలని జట్టు అంటోంది, ఇక్కడే ఆడతానని అతనూ అంటున్నాడు. మరి ఎందుకు ఆడటం లేదు?’ చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు ఆటగాడి దురాశలోనో, యజమాని పిసినారితనంలోనో వెతికితే దొరకదు. లీగ్ రాసుకున్న నిబంధనల్లో దొరుకుతుంది.

కొనేవాడు ఒక్కడే ఉన్న సంత

ఐపీఎల్ వేలం చూసినవాళ్లకు బేరం అంటే పది జట్లు పోటీపడి పాట పెంచడం. ఎన్‌హెచ్‌ఎల్‌లో కుర్ర ఆటగాడికి ఆ అదృష్టం లేదు. పద్దెనిమిదేళ్లకు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, ఒక జట్టు అతన్ని ఎంచుకుంటుంది. అక్కడి నుంచి చాలా ఏళ్లపాటు అతని హక్కులు ఆ ఒక్క జట్టువే.

తొలి కాంట్రాక్టులో బేరమే లేదనుకోవచ్చు. 21 ఏళ్ల లోపు సంతకం చేస్తే అది మూడేళ్లది. జీతానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. నైలాండర్ తరంలో అది ఏడాదికి 9.25 లక్షల డాలర్లు, బోనస్‌లు వేరే. తర్వాతి మెట్టు ‘రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్’. పేరులో ‘ఫ్రీ’ ఉంది కానీ స్వేచ్ఛ కొంచెమే. జట్టు ఒక కనీస ఆఫర్ కాగితం పంపితే చాలు, అతని హక్కులు తన దగ్గరే ఉంటాయి. 27 ఏళ్లు వచ్చాకో, లీగ్‌లో ఏడు సీజన్లు నిండాకో మాత్రమే నచ్చిన జట్టుకు వెళ్లే పూర్తి స్వేచ్ఛ వస్తుంది.

నాకు బాధ కలిగించే సంగతి ఇక్కడే ఉంది. ఫార్వర్డ్‌ల ఆట ఇరవైల మధ్యలోనే పతాక స్థాయికి చేరుతుందని లెక్కలు కట్టేవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. అంటే ఆటగాడి ఒంట్లో సత్తువ అన్నిటికంటే ఎక్కువ ఉన్న ఏళ్లలోనే బేరం చేసే బలం అన్నిటికంటే తక్కువ. వేగం తగ్గే వయసులో మార్కెట్ తలుపులు తెరుచుకుంటాయి. రెండో కాంట్రాక్టు దగ్గర ఇంత పెనుగులాట జరగడానికి మూలం ఇదే.

దీనికి తోడు శాలరీ క్యాప్. ఒక జట్టు ఆటగాళ్లందరి జీతాల మొత్తానికి లీగ్ పెట్టిన కట్టుబాటు అది. దాని మీద గొడవతోనే 2004-05 సీజన్ మొత్తం రద్దయింది. మరుసటి ఏడాది 3.9 కోట్ల డాలర్లతో మొదలై, నైలాండర్ బేరం నాటికి 7.95 కోట్లకు చేరింది. యజమాని ఎంత సంపన్నుడైనా ఆ గీత దాటలేడు. ఒకరి జీతం పెరిగితే పక్కవాడి వాటా తగ్గుతుంది. అందుకే ‘నీకు ఇవ్వాలనే ఉంది, కానీ క్యాప్‌లో చోటు లేదు’ అనే మాట ప్రతి జనరల్ మేనేజర్ నోటా వినిపిస్తుంది. అది ఒక్కోసారి అక్షరాలా నిజం, ఒక్కోసారి ఒట్టి ఎత్తుగడ.

జట్టు చేతిలోని ముక్కలు

మొదటిది ఓపిక. ఆటగాడు శిక్షణ శిబిరానికి రాకపోతే జట్టు మరొకరితో నెట్టుకొస్తుంది. అతనికి మాత్రం జీతం రాదు. కాంట్రాక్టు లేని ఆటగాడు కూర్చుంటే అది సమ్మె కాదు, నిబంధన ఉల్లంఘనా కాదు. అయినా పత్రికలు అతను మొండికేశాడని రాస్తాయి. ఊరంతా అతని మీద కోపం పెంచుకుంటుంది. ఆ ఒత్తిడి కూడా జట్టుకు కలిసొస్తుంది.

రెండోది పోలిక. ‘మన ఇంట్లో పెద్దన్నే ఇంత తీసుకుంటున్నాడు, నువ్వు అంతకంటే ఎక్కువ ఎలా అడుగుతావు?’ అనే వాదన. బోస్టన్ బ్రూయిన్స్ దీన్ని ఏళ్ల తరబడి నడిపింది. పాట్రిస్ బెర్జరాన్‌కు ఏడాదికి 68.75 లక్షల డాలర్లు, బ్రాడ్ మార్చండ్‌కు 61.25 లక్షలు. జట్టు మూలస్తంభాలు అంతకే ఆడుతుంటే 2017లో డేవిడ్ పాస్ట్రనాక్ కూడా 66.7 లక్షల దగ్గర ఒప్పుకోక తప్పలేదు.

టొరంటో ఇదే ముక్కను చేజేతులా పారేసుకుంది. 2018 జూలై 1న బయటి నుంచి జాన్ టవారెస్‌ను ఏడాదికి 1.1 కోట్ల డాలర్లకు తెచ్చుకుంది. పైగా జనరల్ మేనేజర్ కైల్ డూబస్, తమ ముగ్గురు కుర్ర స్టార్లు ఆస్టన్ మాథ్యూస్, మిచ్ మార్నర్, నైలాండర్‌లను నిలబెట్టుకోగలమని, నిలబెట్టుకుంటామని బహిరంగంగా చెప్పాడు. అభిమానులకు ఆ మాట ధైర్యాన్నిచ్చింది. ఎదుటి ఏజెంట్లకు మాత్రం జట్టు ఎంతవరకు వస్తుందో ముందే తెలిసిపోయింది. ముగ్గురూ కావాల్సిందే అని ఒప్పుకున్నాక, అమ్మేస్తామనే బెదిరింపుకు విలువ ఎక్కడుంటుంది? ఫలితం చూడండి. 2019 ఫిబ్రవరిలో మాథ్యూస్ ఏడాదికి 1.1634 కోట్ల డాలర్లకు, అదే సెప్టెంబర్‌లో మార్నర్ 1.0893 కోట్లకు సంతకాలు చేశారు. నలుగురి జీతాలే క్యాప్‌లో సగం వరకు తినేశాయి. డూబస్ చాలా విషయాల్లో దూరదృష్టి ఉన్న మనిషి. కానీ ఆ ఒక్క వాక్యానికి జట్టు ఎన్నో ఏళ్లు మూల్యం కట్టిందని నా అభిప్రాయం.

నైలాండర్ ఒప్పందంలో మాత్రం జట్టు ఒక తెలివైన పని చేసింది. సీజన్ మధ్యలో సంతకం చేస్తే మొదటి ఏడాది క్యాప్ లెక్క ఎక్కువై, మిగతా ఏళ్లలో తగ్గేలా నిబంధనల గణితం ఉంటుంది. తొలి ఏడాది అతను క్యాప్‌లో కోటి డాలర్లకు పైగా పడ్డాడు, తర్వాతి ఐదేళ్లు దాదాపు 69.6 లక్షలే. ఆ మొదటి ఏడాది మాథ్యూస్, మార్నర్ ఇంకా తొలి కాంట్రాక్టు చిన్న జీతాల మీదే ఉన్నారు కాబట్టి చోటు ఖాళీగా ఉంది. రెండు నెలల ఆలస్యంలోంచి ఆ మాత్రం లాభం పిండుకున్నారు.

ఆటలో మాత్రం నష్టమే. ఆ సీజన్‌లో నైలాండర్ 28 మ్యాచ్‌లు పోగొట్టుకుని, మిగిలిన 54 మ్యాచ్‌లలో ఏడు గోల్సే కొట్టగలిగాడు. అందరూ రెండు నెలలుగా ఆడుతున్న వేగంలోకి శిబిరం లేకుండా దూకడం ఎంత కష్టమో ఆ అంకె చెబుతుంది.

పక్క జట్టు తలుపు తడితే

కుర్ర ఆటగాడి చేతిలో ఒక ఆయుధం ఉంది, పేరు ఆఫర్ షీట్. వేరే జట్టు అతనికి ఒక ఒప్పందం రాసిస్తుంది, అతను సంతకం చేస్తాడు. సొంత జట్టుకు ఏడు రోజుల గడువు. అదే మొత్తం తానే ఇచ్చి నిలబెట్టుకోవచ్చు, లేదా వదిలేసి పరిహారంగా ఆ జట్టు డ్రాఫ్ట్ పిక్స్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతులు) తీసుకోవచ్చు. జీతం ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దది. అన్నిటికంటే పై శ్రేణిలో నాలుగు మొదటి రౌండ్ పిక్స్ వదులుకోవాలి.

చెప్పుకోవడానికి బాగుంటుంది కానీ వాడేవాళ్లు తక్కువ. ఈ రోజు నేను నీ ఆటగాడికి వల వేస్తే రేపు నువ్వు నా ఆటగాడికి వేస్తావనే భయం మేనేజర్లందరికీ ఉంటుంది. పైగా చాలాసార్లు సొంత జట్టు సరిసమానంగా ఇచ్చి అట్టిపెట్టుకుంటుంది. అప్పుడు వల వేసినవాడికి మిగిలేది శత్రుత్వమే.

వాడినప్పుడు మాత్రం ఎంత పదునుగా వాడతారో మాంట్రియల్, కరోలినా జట్ల మధ్య నడిచిన కథలో చూడొచ్చు. 2019 జూలై 1న మాంట్రియల్ కెనడియన్స్, కరోలినా హరికేన్స్ ఫార్వర్డ్ సెబాస్టియన్ ఆహోకు ఐదేళ్లకు 4.227 కోట్ల డాలర్ల ఆఫర్ షీట్ ఇచ్చింది. అసలు కిటుకు మొత్తంలో లేదు, చెల్లించే పద్ధతిలో ఉంది. సొమ్ములో పెద్ద భాగాన్ని సైనింగ్ బోనస్‌లుగా (జీతంతో పాటు విడిగా ఒకేసారి ఇచ్చే సొమ్ము) ముందుకు తోసి, ఏడాది తిరిగేసరికి రెండు కోట్ల డాలర్లకు పైగా నగదు కట్టాల్సి వచ్చేలా రాశారు. కరోలినా యజమాని టామ్ డండన్ అంత నగదు ఒక్కసారి తీయడని వాళ్ల అంచనా. డండన్ తీశాడు. ఆహో అక్కడే ఉండిపోయాడు.

రెండేళ్లు గడిచాయి. 2021 ఆగస్టులో కరోలినా బదులు తీర్చుకుంది. మాంట్రియల్ 2018లో మూడో పిక్‌గా ఎంచుకున్న యెస్పెరి కొట్కనియెమికి ఒక్క ఏడాదికి 61,00,035 డాలర్ల ఆఫర్ షీట్ ఇచ్చింది. అందులో సైనింగ్ బోనస్ 20 డాలర్లు. ఇరవై అనేది ఆహో జెర్సీ నంబర్. ఆ ఇరవై తీసేస్తే చివర్న మిగిలే పదిహేను కొట్కనియెమి జెర్సీ నంబర్. ఫ్రెంచ్ మాట్లాడే మాంట్రియల్ కోసం ప్రకటనను ఫ్రెంచ్‌లో కూడా పెట్టారు. ఇది అభిమానులను నవ్వించింది కానీ లోపలున్న లెక్క చాలా గట్టిది. అంతకు ముందు సీజన్‌లో 56 మ్యాచ్‌లకు 20 పాయింట్లు తెచ్చిన కుర్రాడికి అరవై లక్షలు ఎక్కువే. మాంట్రియల్ సరిసమానంగా ఇస్తే ఏడాదిపాటు అతన్ని ఇంకో జట్టుకు పంపడానికి ఉండదు, మరుసటి వేసవిలో కనీస ఆఫర్ కూడా ఆ పెద్ద జీతం మీదే లెక్క కట్టాలి. మాంట్రియల్ వదులుకుంది. ఒక మొదటి రౌండ్, ఒక మూడో రౌండ్ పిక్ తీసుకుంది.

2024 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్లూస్ వేసిన ఎత్తు ఇంకా నిశ్శబ్దమైనది. ఎడ్మంటన్ ఆయిలర్స్ ఆ జూన్‌లోనే ఫైనల్ ఏడో మ్యాచ్ దాకా వెళ్లి ఓడింది. క్యాప్ నిండా స్టార్లు, గదిలో ఊపిరాడని పరిస్థితి. బ్లూస్ ఒకే రోజున వాళ్ల కుర్రాళ్లిద్దరికి రెండేళ్ల ఆఫర్ షీట్లు ఇచ్చింది. డిఫెన్స్‌మన్ ఫిలిప్ బ్రోబర్గ్‌కు ఏడాదికి 45,80,917 డాలర్లు, ఫార్వర్డ్ డిలన్ హాలోవేకి 22,90,457 డాలర్లు. ఆ వింత అంకెలను ఒకసారి చూడండి. ఆ ఏడాది పరిహారం పట్టికలో రెండో రౌండ్ పిక్ శ్రేణికి పై అంచు సరిగ్గా మొదటి అంకె, మూడో రౌండ్ శ్రేణికి పై అంచు సరిగ్గా రెండోది. ఒక్క డాలరు పెరిగినా పరిహారం పై మెట్టుకు దూకేది. ఎడ్మంటన్ ఇద్దరినీ వదిలేసింది. మరుసటి సీజన్‌లో హాలోవే ఒక్కడే 63 పాయింట్లు సాధించాడు.

ఆహో మీద వేసింది నగదు వల, వీళ్ల మీద వేసింది క్యాప్ వల. ఎదుటివాడి అసలు ఇబ్బంది ఎక్కడుందో పట్టుకున్నవాడి ఆఫర్ షీట్ పనిచేస్తుంది.

ఈ ఆయుధం కూడా అందరికీ ఉండదు. లీగ్‌లో తగినంత అనుభవం లెక్కకు రానివాళ్లు ఆఫర్ షీట్ తీసుకోలేరు, జీతాన్ని మధ్యవర్తి తేల్చే ఆర్బిట్రేషన్‌కూ వెళ్లలేరు. 2021లో వాంకూవర్ డిఫెన్స్‌మన్ క్విన్ హ్యూజ్ పరిస్థితి అదే. అతనికి మిగిలింది శిబిరానికి రాకుండా ఉండటం ఒక్కటే. ఆ జట్టు మరో స్టార్ ఎలియాస్ పెటర్సన్ కూడా ఒప్పందం లేకుండానే ఉన్నాడు, ఇద్దరి ఏజెన్సీ ఒకటే. ఒకరిని కాదన్నా ఇంకొకరితో బతికేద్దామనే దారి జట్టుకు లేకపోయింది. అక్టోబర్ మొదట్లో, సీజన్ ముంగిట్లో, ఇద్దరివీ కలిపే తెగాయి.

మధ్యవర్తి గదిలో

ఆర్బిట్రేషన్ అంటే తటస్థ మధ్యవర్తి జీతం తేల్చడం. తొలి కాంట్రాక్టు ముగియగానే చాలామంది స్టార్లకు ఈ అవకాశం రాదు, ఇంకో ఏడాదో రెండేళ్లో పడుతుంది. వాదనలకు నియమాలున్నాయి. పూర్తి స్వేచ్ఛ వచ్చాక సంతకం చేసినవాళ్ల జీతాలతో పోల్చకూడదు. పత్రికల రాతలు చూపకూడదు. జట్టు ఆర్థిక స్థితి ఎత్తకూడదు. మిగిలింది ఆటగాడి ఆటే. నిన్నటిదాకా భుజం తట్టిన జట్టు, అతను ఎదురుగా కూర్చుని ఉండగానే అతని లోపాలు ఒక్కొక్కటీ చదువుతుంది. అందుకే ఎక్కువ కేసులు విచారణకు ముందే రాజీ అవుతాయి.

బోస్టన్ గోల్‌కీపర్ జెరెమీ స్వేమన్ 2023లో ఆ గదిలో కూర్చున్నాడు. ఒక్క ఏడాదికి 34.75 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ అనుభవం తనను ఎంత నొప్పించిందో తర్వాత బయటకే చెప్పాడు. 2024 వేసవిలో ఆ ఒప్పందం గడువు ముగిసింది, ఈసారి అతను ఆర్బిట్రేషన్ జోలికి పోలేదు. ఈలోగా జట్టు మరో మంచి గోల్‌కీపర్ లైనస్ ఉల్‌మార్క్‌ను ఒట్టావాకు పంపేసింది. అంటే స్వేమన్ లేకపోతే గోల్ ముందు నిలబడే దిక్కు లేదని జట్టే ఊరందరికీ చెప్పినట్టయింది.

సెప్టెంబర్ 30న పత్రికా సమావేశంలో జట్టు అధ్యక్షుడు కామ్ నీలీ తన దగ్గర 6.4 కోట్ల కారణాలున్నాయని, వాటి కోసం తానైతే ఈపాటికి ఆడుతూ ఉండేవాడినని అన్నాడు. ఆఫర్ మొత్తాన్ని చెప్పకనే చెప్పడం అది. స్వేమన్ ఏజెంట్ లూయిస్ గ్రాస్ వెంటనే, ఆ సమావేశానికి ముందు అలాంటి అంకె తమ ముందుకే రాలేదని ప్రకటన ఇచ్చాడు. గుట్టుగా సాగాల్సిన బేరం వీధిలో పడింది. నీలీ మాట అభిమానుల్ని తన వైపు తిప్పుకోవడానికి అన్నాడో, విసుగులో జారాడో తేల్చడం నా పని కాదు. కానీ నోటి నుంచి బయటికొచ్చిన అంకె బేరంలో కిందికి దిగదు. వారం తిరక్కుండా, అక్టోబర్ 6న, ఎనిమిదేళ్లకు 6.6 కోట్ల డాలర్లకు సంతకం అయింది.

శిబిరం మొత్తం పోగొట్టుకున్న స్వేమన్‌కు ఆ సీజన్ అచ్చిరాలేదు. 22 గెలుపులు, 29 ఓటములు. బోస్టన్ ప్లేఆఫ్స్‌కు వెళ్లలేదు. ఒక గోల్‌కీపర్ పతనానికి కారణాలు ఎన్నో ఉంటాయి, అన్నీ బేరం మీద రుద్దలేం. అయినా నైలాండర్ అంకెలూ ఇవీ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఎన్నేళ్లు?

బయటివాళ్లు డాలర్లు లెక్కపెడతారు. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లు ముందు ఏళ్లు లెక్కపెడతారు. దీర్ఘకాలం రాస్తే జట్టు ఆటగాడి స్వేచ్ఛా సంవత్సరాలను కూడా ముందే కొనేసినట్టు. తక్కువ కాలం రాస్తే దాన్ని బ్రిడ్జ్ డీల్ అంటారు, ‘ముందు నిరూపించుకో, తర్వాత చూద్దాం’ అని అర్థం.

మాంట్రియల్ డిఫెన్స్‌మన్ పీకే సుబ్బన్ 2013 జనవరిలో అలాంటి వంతెనే ఎక్కాడు. రెండేళ్లకు 57.5 లక్షల డాలర్లు. జట్టు డబ్బు ఆదా చేశాననుకుంది. అదే సీజన్‌లో అతను లీగ్‌లోనే ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు. 2014లో ఎనిమిదేళ్లకు 7.2 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది, అదీ ఆర్బిట్రేషన్ విచారణ జరిగాక. దీనికి ఎదురు ఉదాహరణ కొలరాడో. నేథన్ మెకినన్‌ను 2016లోనే ఏడేళ్లకు, ఏడాదికి 63 లక్షల చొప్పున కట్టేసుకుంది. అతను ఆ తర్వాత ప్రపంచంలోనే గొప్ప ఆటగాళ్లలో ఒకడయ్యాడు. ఆ చవక జీతం వల్ల మిగిలిన చోటుతో జట్టును పేర్చుకుని 2022లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది. కప్ గెలిచిన కొన్ని నెలలకే అతని కొత్త ధర ఏడాదికి 1.26 కోట్లు అయింది.

మాథ్యూస్ ఈ పాఠాన్ని ఆటగాడి వైపు నుంచి చదివాడు. 2019లో ఎనిమిదేళ్లకు వీలున్నా ఐదేళ్లకే రాశాడు. సరిగ్గా 2024కి స్వేచ్ఛ దగ్గరపడేలా. అందుకే 2023లో మళ్లీ కూర్చున్నప్పుడు నాలుగేళ్లకు ఏడాదికి 1.325 కోట్లు దక్కాయి. అప్పట్లో అతన్ని స్వార్థపరుడు అన్నవాళ్లున్నారు. నాకు మాత్రం అది తన వృత్తి జీవితం ఎంత పొట్టిదో తెలిసిన మనిషి చేసిన పనిగానే కనిపిస్తుంది.

క్యాప్ ఎదుగుదల కూడా ఈ లెక్కలో కలిసింది. కోవిడ్ తర్వాత కొన్నేళ్లు కదలకుండా ఉన్న పరిమితి 2025-26లో 9.55 కోట్లకు చేరింది, 2026-27కు 10.4 కోట్లుగా ప్రకటించారు. రేపు క్యాప్ పెద్దదవుతుందని తెలిసినప్పుడు ఈ రోజే ఎనిమిదేళ్లకు ధర కట్టుకోవడానికి ఎవరు తొందరపడతారు? మరోవైపు మినెసొటా ఫార్వర్డ్ కిరిల్ కప్రిజోవ్ పెరిగే క్యాప్‌ను ముందే ధరలో కలిపేశాడు. 2025 సెప్టెంబర్ చివర్లో ఎనిమిదేళ్లకు 13.6 కోట్ల డాలర్లు, అప్పటికి లీగ్ చరిత్రలోనే అతిపెద్ద ఒప్పందం. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2026 సెప్టెంబర్ నుంచి అమలయ్యే కొత్త ఉమ్మడి ఒప్పందంలో సొంత జట్టుతో గరిష్ఠ కాలాన్ని ఎనిమిది నుంచి ఏడేళ్లకు తగ్గించారు. ఇక ప్రతి స్టారూ ఈ టేబుల్ దగ్గరికి ఇంకాస్త త్వరగా తిరిగొస్తాడు.

టొరంటో ముగ్గురిలో మార్నర్ 2025 వేసవిలో తన ఆరేళ్లు పూర్తిచేసి, స్వేచ్ఛ చేతికందే సమయానికి వేగస్‌కు వెళ్లిపోయాడు. బదులుగా టొరంటోకు వచ్చింది నికొలా రువా ఒక్కడే. నైలాండర్ మాత్రం అక్కడే ఉన్నాడు. 2024 జనవరి 8న అతను ఎనిమిదేళ్లకు 9.2 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ఈసారి సీజన్ నడుస్తుండగానే, ఒక్క మ్యాచ్ కూడా పోకుండా బేరం ముగిసింది. ఇంకో ఆరు నెలలు ఊరుకుని ఉంటే అతను లీగ్‌లోని 32 జట్లలో ఎక్కడికైనా వెళ్లగలిగేవాడు. ఆ సంగతి టేబుల్‌కు రెండు వైపులా కూర్చున్నవాళ్లకూ తెలుసు.